ఎర్ర ప్యాకెట్, ఆకుపచ్చ అంచు

ఆరేళ్ల క్రితం ఒక తొట్టెల వేడుకకు పరకాల వెళ్లినప్పుడు, వంటవాళ్లు రాసిచ్చిన సామాన్ల చీటీ పట్టుకుని అక్కడి కిరాణా దుకాణం ముందు నిలబడ్డాను. నాకంటే ముందు వచ్చిన ఒక అవ్వ కొంగుముడి విప్పుతూ, "ఆ ఎర్ర ప్యాకెట్ ఇయ్యి బిడ్డా, కింద ఆకుపచ్చ అంచుంటది సూడు, గది" అని అడిగింది. దుకాణదారు చేతికందిన ప్యాకెట్ తీసి ఇచ్చాడు. అది ఎర్రగానే ఉంది, కింద ఆకుపచ్చ అంచూ ఉంది, నడుమ తెల్లటి గుండ్రంలో బొమ్మా ఉంది. అవ్వ దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, డబ్బులిచ్చి వెళ్లిపోయింది. ఆమె అడిగిన కారంపొడి అది కాదన్న సంగతి ఆ దుకాణంలో నా ఒక్కడికే తెలుసు. ఆమె అడిగినదానిలా కనిపించేటట్టు ఆ ప్యాకెట్‌ను తయారుచేసింది నేనే.

హనుమకొండలో ఇరవై ఏళ్లుగా లేబుళ్లు, అట్టపెట్టెలు, పౌచ్‌ల డిజైన్లు చేసిపెట్టడం నా వృత్తి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే ఊళ్లో ఉన్నాను కాబట్టి నా దగ్గరికి వచ్చే పనుల్లో కారంపొడి ప్యాకెట్లే ఎక్కువ. కొత్తగా మర పెట్టిన ఒక వ్యాపారి, మార్కెట్లో అప్పటికే పాతుకుపోయిన మరొకరి ప్యాకెట్‌ను నా బల్ల మీద పెట్టి, "గిట్లనే ఉండాలె అన్నా, పేరొక్కటే మాది ఏసుండ్రి" అన్నాడు. ఇలాంటి మాట మా వృత్తిలో కొత్తది కాదు. నెలకు ఒకరైనా ఎవరిదో ప్యాకెట్ పట్టుకుని వస్తారు. పాత ప్యాకెట్ మీద తెల్లటి గుండ్రంలో రోలు, రోకలి ఉండేవి. నేను వాటిని తీసేసి తిరగలి గీశాను. లోపలి పొడి కనిపించడానికి మిరపకాయ ఆకారంలో వదిలిన కిటికీని కుడి నుంచి ఎడమకు జరిపాను. పేరు వేరు, బొమ్మ వేరు, కిటికీ చోటు వేరు, ఇక ఎవరూ ఏమీ అనలేరని అనుకున్నాను.

ఎరుపు విషయంలో మాత్రం మేమిద్దరం చాలా పట్టుదలకు పోయాము. గ్రావ్యూర్ పద్ధతిలో పౌచ్ ముద్రించేటప్పుడు ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కించాలి. పన్నెండు మైక్రాన్ల పాలిస్టర్ పొర లోపలివైపున బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చువేసి, అన్ని రంగుల వెనుక చివరగా తెలుపు పరిచి, దానికి ఇంకో పొర అతికిస్తారు. మెజెంటా, పసుపు కలిపి వచ్చే మామూలు ఎరుపు ఆ పాత ప్యాకెట్ ఎరుపుతో సరిపోలేదు. అందుకని ఆ ఒక్క రంగు కోసమే ప్రత్యేకంగా సిరా కలిపించి, దానికి వేరే సిలిండర్ చేయించాము. మూడు నమూనాలు వెనక్కి పంపి నాలుగోదాన్ని ఒప్పుకున్నాము. "ఇంకా కొంచెం ముదరాలి, దానిలాగ" అని నేను ప్రెస్సుకు పంపిన సందేశం నా ఫోనులోనే ఉంది. మంచి వృత్తిపనితనం అనుకుని గర్వపడిన ఆ సందేశమే మాకు వ్యతిరేకంగా అన్నిటికంటే బలమైన సాక్ష్యం కాగలదని తర్వాత తెలిసింది.

పరకాల నుంచి వచ్చిన రెండు నెలలకు పాత ప్యాకెట్ యజమాని తరఫున వకీలు నోటీసు వచ్చింది. అది వ్యాపారికి మాత్రమే కాదు, నాకు కూడా వచ్చింది. నేను సరుకు అమ్మలేదు, నా పేరు ప్యాకెట్ మీద లేదు, నాకెందుకు అన్న ప్రశ్నతో మా బావమరిది దగ్గరికి వెళ్లాను. ఆయన వరంగల్ కోర్టులో సివిల్ వకీలు. ఆయన నోటీసు చదివి, ట్రేడ్‌మార్కుల చట్టం 1999 పుస్తకం తీసి సెక్షన్ 29(7) చూపించాడు. రిజిస్టరైన మార్కును లేబులు మీదనో ప్యాకింగ్ సామగ్రి మీదనో వేసే వ్యక్తి, హక్కుదారు అనుమతి లేదని తెలిసి లేదా తెలుసుకోవడానికి తగిన కారణం ఉండి కూడా వేస్తే, అతడు కూడా ఆ మార్కును ఉల్లంఘించినట్టే. సెక్షన్ 103 ఇంకా ముందుకు వెళ్తుంది. దొంగమార్కు వేయడానికి అచ్చులు, బ్లాకులు, ప్లేట్లు తయారుచేయడం, దగ్గర ఉంచుకోవడం కూడా అందులో నేరమే. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, జరిమానా యాభై వేల నుంచి రెండు లక్షల వరకు. "మీ సిలిండర్లు ఎక్కడున్నాయి బావా?" అని ఆయన అడిగినప్పుడు నాకు గొంతు ఎండిపోయింది.

అసలు ఒక ప్యాకెట్ రూపం మీద హక్కు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆ తర్వాత కొన్ని వారాలు నన్ను పట్టుకున్న ప్రశ్న. ట్రేడ్‌మార్కు అంటే పేరు, గుర్తు అనే నేను అనుకునేవాడిని. 1958 నాటి పాత చట్టం స్థానంలో 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చిన ఇప్పటి చట్టంలో మార్కు నిర్వచనం చాలా విశాలంగా ఉంది. సరుకు ఆకారం, దాని ప్యాకింగ్, రంగుల కలయిక కూడా మార్కు కావచ్చునని అందులో స్పష్టంగా రాశారు. వకీళ్లు దీన్ని ట్రేడ్ డ్రెస్ అంటారు. చట్టంలో ఎక్కడా ఆ మాట లేదు, కానీ మన కోర్టుల తీర్పుల్లో తరచుగా కనిపిస్తుంది. మనిషిని దూరం నుంచి కట్టుబట్టను బట్టి గుర్తుపట్టినట్టు, సరుకును దాని వేషాన్ని బట్టి గుర్తుపట్టడం ఇక్కడ విషయం కాబట్టి మాట బాగానే కుదిరింది.

రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు పూర్తిగా పోదు. సెక్షన్ 27(2) పాసింగ్ ఆఫ్ అనే పాత హక్కును అలాగే నిలబెట్టింది. తన సరుకును ఎదుటివాడి సరుకుగా చెలామణి చేయడమే పాసింగ్ ఆఫ్. ఫిర్యాదు చేసినవాడు మూడు సంగతులు నిరూపించాలి. ఆ రూపానికి జనంలో తన సరుకు అన్న పేరు ఏర్పడి ఉండాలి, ఎదుటివాడి రూపం జనాన్ని పొరబాటు పడేలా చేయాలి, దానివల్ల తనకు నష్టం జరగాలి లేదా జరిగే అవకాశం ఉండాలి. ఈ మూడింటినీ ఒక దండలో గుచ్చి చెప్పిన తీర్పు 1990లో ఇంగ్లండులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చింది. నిమ్మరసాన్ని అచ్చం నిమ్మకాయలా ఉండే ప్లాస్టిక్ బుడ్డిలో జిఫ్ పేరుతో ఎన్నో ఏళ్లుగా అమ్ముతున్న సంస్థ, అలాంటి బుడ్డితోనే మార్కెట్లోకి వచ్చిన ఇంకో సంస్థను ఆపింది. లేబులు మీద పేరు వేరే ఉంది కదా అన్న వాదన నిలవలేదు, ఎందుకంటే కొనేవాళ్లు లేబులు చదవడం లేదని, నిమ్మకాయ బుడ్డినే చూసి తీసుకుంటున్నారని సాక్ష్యాల్లో తేలింది.

మన దేశంలో దీనికి అంతకంటే దగ్గరి కథ ఒకటి ఉంది. బావమరిది ఆ తీర్పు కాగితాలు నా చేతిలో పెట్టినప్పుడు నా తిరగలి బొమ్మే నాకు గుర్తొచ్చింది. పార్లే గ్లూకో బిస్కెట్ల ప్యాకెట్ మీద ఒక పిల్ల నీళ్ల బకెట్ పట్టుకుని ఉండేది, చుట్టూ ఆవులు, కోళ్లు, వెనుక పొలంలో ఇల్లు, చెట్లు. మైసూరుకు చెందిన ఒక సంస్థ అమ్మిన గ్లూకోజ్ బిస్కెట్ల ప్యాకెట్ మీద కూడా ఒక పిల్ల ఉంది, కాకపోతే తల మీద గడ్డిమోపు, చేతిలో కొడవలి. అక్కడా ఆవులున్నాయి, కోళ్లున్నాయి. కింది కోర్టు, ఆ తర్వాత మైసూరు హైకోర్టు రెండూ తేడాలు ఉన్నాయంటూ పార్లే దావా కొట్టేశాయి. 1972లో సుప్రీంకోర్టు ఆ రెండు తీర్పులనూ పక్కన పెట్టింది. రెండు ప్యాకెట్లను పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టడం సరైన పద్ధతి కాదని, ముఖ్యమైన లక్షణాలు, మొత్తంమీద కలిగే పోలిక చూడాలని చెప్పింది. ఈ రోజు ఒక ప్యాకెట్ చూసినవాడికి ఇంకో రోజు రెండోది చూపిస్తే, ముందు చూసింది ఇదే అనుకునే వీలుందా అన్నదే ఆ తీర్పు పెట్టిన పరీక్ష.

ఈ పరీక్షలో నాకు నచ్చింది 'ఇంకో రోజు' అన్న మాట. నా బల్ల మీద రెండు ప్యాకెట్లూ ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నాయి, కాబట్టి నాకు తిరగలి, రోలు వేరుగానే కనిపించాయి. అవ్వ దగ్గర పాత ప్యాకెట్ లేదు. అది నెల క్రితం చింపి పొయ్యిలో వేసి ఉంటుంది. ఆమె తనతో దుకాణానికి తెచ్చుకున్నది ఎరుపు, ఆకుపచ్చ, నడుమ తెలుపు అన్న గుర్తు మాత్రమే. మసకబారిన జ్ఞాపకం ఉన్న మామూలు మనిషిని కొలమానంగా తీసుకోవాలని సుప్రీంకోర్టు 1962 నాటి అమృతధార కేసులోనే చెప్పింది. డిజైన్ చేసేవాడి కళ్లతో చూస్తే ప్రతి రెండు ప్యాకెట్లకూ మధ్య తేడా దొరుకుతుంది. చట్టం ఆ కళ్లతో చూడదు.

రంగులే మొత్తం వివాదమైన కేసు 2003లో ఢిల్లీ హైకోర్టులో నడిచింది. పళ్లపొడి డబ్బా మీద పైభాగంలో మూడోవంతు ఎరుపు, మిగిలిన రెండు వంతులు తెలుపు వేసి అమ్ముతున్న కోల్గేట్ సంస్థ, అదే వరుసలో అవే రంగులు వాడిన యాంకర్ సంస్థ మీద దావా వేసింది. రెండు పేర్లకూ ఒక్క అక్షరం పోలిక లేదు. అయినా కోర్టు ఆ రంగుల కలయికను ఆ వరుసలో వాడవద్దని తాత్కాలిక నిషేధం విధించింది. చదువురాని, అంత జాగ్రత్తగా చూడని కొనుగోలుదారు డబ్బా ఆకారాన్ని, రంగులను బట్టి పొరబడితే అది పాసింగ్ ఆఫ్ అవుతుందని ఆ తీర్పు సారాంశం. 2007లో సుప్రీంకోర్టు కూడా గ్లూకాన్-డి, గ్లూకోజ్-డి వివాదంలో ఆకుపచ్చ ప్యాకెట్, దాని మీది నవ్వుతున్న కుటుంబం బొమ్మ రెంటినీ లెక్కలోకి తీసుకుంది. మా ప్రాంతంలో కిరాణా దుకాణాల్లో ఒక గంట నిలబడితే ఈ తీర్పులు గాలిలోంచి రాలేదని అర్థమవుతుంది. "పచ్చ సబ్బు", "నీలి ప్యాకెట్ సర్ఫు", "గుర్రం బొమ్మ అగ్గిపెట్టె" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఇందులో చదువురానివాళ్లు మాత్రమే ఉన్నారనుకుంటే పొరబాటు. నేనూ నా షేవింగ్ క్రీమును రంగు చూసే తీసుకుంటాను.

ఇంతవరకు చదివినవారికి, ఎవరైనా ముందుగా ఎర్ర ప్యాకెట్ వేస్తే ఇక ఎరుపంతా వాళ్లదేనా అన్న అనుమానం రావడం సహజం. కానే కాదు. కారంపొడికి ఎరుపు, పసుపుకు పసుపుపచ్చ, ధనియాలపొడికి ఆకుపచ్చ ఎవరి సొత్తూ కావు, ఎందుకంటే అవి ఆ సరుకును చెప్పే రంగులు, దాన్ని చేసినవాడిని చెప్పేవి కావు. ఎరుపు, దాని కింద ఒక నిర్ణీతమైన కొలతలో ఏటవాలుగా ఆకుపచ్చ, నడుమ తెల్లటి గుండ్రం, అందులో పాతకాలపు వంటింటి పనిముట్టు, ఇవన్నీ ఒకే అమరికలో ఏళ్ల తరబడి ఒకే ఇంటి నుంచి వస్తే, ఆ అమరికకు హక్కు పుడుతుంది. మా వ్యాపారి ఎరుపు వాడుకుని, అంచు వదిలేసి, గుండ్రం బదులు ఇంకేదైనా పెట్టి ఉంటే ఎవరూ నోటీసు ఇచ్చేవారు కాదు. మాకు ఎరుపు ఒక్కటి చాలలేదు, ఆ అమరికే కావాలనుకున్నాము.

ఏళ్ల తరబడి అన్న మాటకు ఎంత బరువు ఉందో తెలియాలంటే బిస్కెట్ల మీదే జరిగిన ఇంకో తగాదా చూడాలి. ఐటీసీ సంస్థ 2016 మొదట్లో పసుపు, నీలం కలిసిన ప్యాకెట్‌లో ఫార్మ్‌లైట్ డైజెస్టివ్ బిస్కెట్లు తెచ్చింది. కొద్ది నెలలకే బ్రిటానియా తన న్యూట్రిచాయిస్ డైజెస్టివ్ జీరోను పసుపు, నీలం కలిసిన ప్యాకెట్‌లో తెచ్చింది. ఢిల్లీ హైకోర్టులో ఏక సభ్య న్యాయమూర్తి ఐటీసీకి అనుకూలంగా నిషేధం ఇచ్చారు. 2017లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని రద్దు చేసింది. అంత తక్కువ కాలంలో ఆ రంగుల కలయిక ఐటీసీకే గుర్తుగా జనం మనసులో నాటుకుందని చెప్పలేమన్నది ధర్మాసనం భావం. ప్రకటనలకు ఎంత ఖర్చు పెట్టగల సంస్థ అయినా, రూపం పేరు తెచ్చుకోవడానికి కాలం కావాలి. వ్యక్తిగతంగా నాకు ఈ తీర్పు సమంజసంగానే తోచింది. లేకపోతే డబ్బున్నవాడు ఏటా రెండు రంగులు పట్టుకుని కూర్చుంటాడు, చిన్నవాడికి అలమరలో మిగిలేది తెల్ల కాగితమే.

ఆకారాల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది. సెక్షన్ 9(3) మూడు రకాల ఆకారాలను రిజిస్టరు చేయకూడదని చెబుతుంది, ఎంత పేరు వచ్చినా సరే. వీటిని పుస్తకంలో చదివితే తల తిరుగుతుంది, ఇంట్లోని వస్తువులతో చూస్తే తేలిక. సరుకు స్వభావం నుంచే వచ్చే ఆకారం మొదటిది. సకినం అంటేనే వేళ్లతో పిండిని మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు పోసేది, ఆ చుట్ల మీద సంక్రాంతికి సకినాలు చేసే ఏ ఒక్కరూ హక్కు అడగలేరు. ఒక పని జరగడానికి అవసరమైన ఆకారం రెండోది. పౌచ్ పైన నొక్కితే మూసుకునే జిప్పు, నిలబడటానికి అడుగున వేసే మడత, ఇవి పనికోసం ఉన్నవి. వీటిని ట్రేడ్‌మార్కు పేరుతో పదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ పోతే, గడువుతో ముగిసిపోవాల్సిన పేటెంటు హక్కు దొడ్డిదారిన శాశ్వతమవుతుంది. మూడోది కాస్త సున్నితమైనది, సరుకు విలువంతా ఆకారంలోనే ఉన్న సందర్భం. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనిలో చేసిన నెమలి అత్తరుదానిని జనం కొనేది ఆ అందం కోసమే, చేసినవాడి గుర్తు కోసం కాదు. అందాన్ని కాపాడుకునే దారి వేరే ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

ఈ మూడింటిలోకీ రాని ఆకారాలకు రక్షణ దొరుకుతుంది. గోర్బచోవ్ వోడ్కా సీసాకు పైన ఉల్లిగడ్డలాంటి బుడిపె ఉంటుంది. అలాంటి సీసాతో వచ్చిన జాన్ డిస్టిలరీస్‌ను 2011లో బొంబాయి హైకోర్టు నిలిపివేసింది. వోడ్కా పోయడానికి సీసా అలాగే ఉండాల్సిన అవసరం ఏమీ లేదన్నది అక్కడ ముఖ్యమైన సంగతి. అమెరికా సుప్రీంకోర్టు 1992లో టాకో కబానా అనే మెక్సికన్ హోటళ్ల కేసులో హోటల్ లోపలి అలంకరణకు కూడా ఇదే రక్షణ ఇచ్చింది. మన దగ్గర ఒక టిఫిన్ సెంటరును చూసి ఇంకోదాన్ని అచ్చుగుద్దినట్టు కట్టే రోజులు వచ్చాయి కాబట్టి అది కూడా గుర్తుపెట్టుకోదగినదే.

మా వ్యవహారం కోర్టు దాకా పోలేదు. నోటీసు ఇచ్చిన పార్టీ వకీలు ఆఫీసులో అందరం కూర్చున్నాము. పాత ప్యాకెట్ యజమాని ఒక రేకుపెట్టె తెచ్చి బల్ల మీద తెరిచాడు. అందులో పదకొండేళ్ల ప్యాకెట్లు, ఏడాదికొకటి చొప్పున, ఒక్కోదానికి ఆ ఏటి ప్రెస్సు బిల్లు పిన్ను కొట్టి ఉన్నాయి. మొదటి మూడేళ్లవి ఇంకా పాలిథిన్ కవరు మీద అతికించిన కాగితం లేబుళ్లే, కానీ ఎరుపు, ఏటవాలు అంచు, గుండ్రం అప్పటి నుంచే ఉన్నాయి. గోడల మీద రాయించిన ప్రకటనల ఫొటోలు, ఏటా అమ్మకాల లెక్క, లేబులు రిజిస్ట్రేషన్ కాగితం అన్నీ ఉన్నాయి. మా వ్యాపారి వాటిని కాసేపు తిరగేసి, "మనం ఓడిపోయినం అన్నా" అని నాతో అన్నాడు. కొత్త ప్యాకెట్ నెలరోజుల్లో మార్చాలి, మిగిలిన పౌచ్‌ల చుట్టలు వాళ్ల మనిషి ముందు కత్తిరించాలి, సిలిండర్లు చెరిపించాలి, నోటీసు ఖర్చులు ఇవ్వాలి అన్నవి షరతులు. సిలిండర్ల మీది క్రోమియం, చెక్కిన రాగిపూత తీయించి వేరే పనికి మళ్లీ చెక్కించడానికి ప్రెస్సులో పంపినప్పుడు, ఆ ఎరుపు సిలిండరు ఒక్కటి మాత్రం ఏమీ చెక్కించకుండా తెచ్చి నా ఆఫీసులో మూలన నిలబెట్టాను. ఎవరైనా ప్యాకెట్ పట్టుకుని "గిట్లనే" అన్నప్పుడు దానివైపు చూపిస్తాను.

ఆ అనుభవం తర్వాత నేను పనిచేసే పద్ధతిలో మారినవి కొన్ని ఉన్నాయి, వీటిని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ప్యాకెట్ రూపాన్నే రిజిస్టరు చేయాలనుకుంటే, 2017 నాటి ట్రేడ్‌మార్కుల నియమాల ప్రకారం ఆకారం లేదా ప్యాకింగుకు కనీసం ఐదు వైపుల నుంచి తీసిన చిత్రాలు, మాటల్లో వర్ణన ఇవ్వాలి. రంగులే ప్రాణమైనప్పుడు వాటిని దరఖాస్తులో స్పష్టంగా అడగాలి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక తరగతి సరుకులకు 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. తెలంగాణ దరఖాస్తులు చెన్నైలోని ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. పరిశీలన దాటి ట్రేడ్‌మార్కుల జర్నల్లో అచ్చయ్యాక నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది, రుసుము కడుతూ ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు. రూపం దానంతట అది ప్రత్యేకంగా లేకపోతే, వాడకం వల్ల ప్రత్యేకత వచ్చిందని చూపించాలి, అక్కడే ఆ రేకుపెట్టె లాంటిది అవసరమవుతుంది.

అందానికి వేరే దారి ఉందన్నాను, అది డిజైన్ల చట్టం 2000. వస్తువు ఆకృతి, దాని మీది నమూనా కొత్తవైతే మొదట పదేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లు, మొత్తం పదిహేనేళ్ల హక్కు దొరుకుతుంది. కానీ దరఖాస్తు పెట్టేలోపు ఆ డిజైన్ బయటికి రాకూడదు. నాకు తెలిసిన ఒకాయన కొత్త ఆకృతిలో ఇత్తడి దీపపుసెమ్మె చేసి, ఎగ్జిబిషన్‌లో పెట్టి, ఫొటోలు అందరికీ పంపి, బాగా అమ్ముడవుతోందని తేలాక దరఖాస్తు కోసం వచ్చాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ట్రేడ్‌మార్కులో ఎంత ఎక్కువమంది చూస్తే అంత బలం, డిజైన్‌లో ముందుగా చూపిస్తే హక్కే పోతుంది. ఒకే వస్తువు గురించి రెండు చట్టాలు ఇలా ఎదురుబొదురుగా నిలబడటం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మూడో సంగతి నా వృత్తికి సంబంధించినది, చాలామంది వ్యాపారులకు తెలియనిది. లేబులు మీద నేను గీసిన బొమ్మకు కాపీరైటు ఉంటుంది. నేను వ్యాపారి దగ్గర జీతగాడిని కాను కాబట్టి, డబ్బులు తీసుకున్నంత మాత్రాన ఆ కాపీరైటు ఆయనకు పోదు, రాతపూర్వకంగా సంతకం పెట్టి బదలాయిస్తేనే పోతుంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే బదలాయింపు ఐదేళ్లకే పరిమితమని చట్టం భావిస్తుంది. రేపు ఆయనకు, నాకు మాట పడితే బొమ్మ ఎవరిదన్న గొడవ రాకూడదని ఇప్పుడు బిల్లుతో పాటే ఆ కాగితం కూడా ఇస్తున్నాను. అడిగి తీసుకున్నవారు ఇంతవరకు ఒక్కరూ లేరు, ఇస్తే మడిచి జేబులో పెట్టుకుంటారు.

కారంపొడి వాళ్లు తరచుగా అడిగే ఇంకో ప్రశ్న చపాటా గురించి. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకుముందు 2018లో వరంగల్ జంపఖానాలకు వచ్చింది. అది ఒక ప్రాంతంలో ఆ సరుకు పండించే, తయారుచేసే వాళ్లందరి ఉమ్మడి హక్కు, ఒక దుకాణదారు సొంత మార్కు కాదు. ప్యాకెట్ మీద ఆ పేరు వేసుకున్నంత మాత్రాన ప్యాకెట్ రూపం ఎవరికీ సొంతం కాదు, ఆ మిర్చి వాడనివాడు ఆ పేరు వేసుకోనూ కూడదు.

రెండేళ్ల క్రితం మా వదిన ఇంట్లో సకినాలు, గారిజెలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. మొదటి రోజే హైదరాబాద్‌లోని ఒక పెద్ద మిఠాయి దుకాణం డబ్బా తెచ్చి, "ఇట్లాంటిదే చెయ్యి మరిదీ, మంచిగుంటది" అంది. నేను మూలనున్న సిలిండరు కథ చెప్పాను. చివరికి ఆరు పలకల డబ్బా, ఆవపువ్వు పసుపు, పలకల అంచుల మీద నిలువుగా నల్లచుక్కల వరుస, మూత మీద ఏ బొమ్మా లేకుండా పేరు మాత్రమే అనుకున్నాము. సకినం బొమ్మ వద్దని గట్టిగా చెప్పాను, అది అందరూ వేసేదే. ప్రతి దఫా అచ్చులోంచి ఒక ఖాళీ డబ్బాను బిల్లుతో సహా అటక మీద పెట్టిస్తున్నాను.

మొన్న సంక్రాంతికి ముందు కాజీపేటలో ఒకరు పసుపు డబ్బాకు నల్లచుక్కలు వేసి అరిసెలు అమ్ముతున్నారని తెలిసి వదిన కోపంతో వచ్చింది. బావమరిది డబ్బాలు, బిల్లులు చూసి, నోటీసు ఇవ్వవచ్చు గానీ రెండు సంక్రాంతుల వాడకంతో కోర్టులో నిలబడటం కష్టమని చెప్పాడు. "మరి ఎన్ని సంక్రాంతులు కావాలె?" అని ఆమె అడిగింది. చట్టంలో అలాంటి లెక్క లేదని, ఎంతమంది ఆ డబ్బాను చూసి నీ పేరు చెబుతారన్నదే చూస్తారని ఆయన అన్నాడు. వదిన కాసేపు ఆలోచించి, నోటీసు సంగతి తర్వాత చూద్దామంది. లేచి వెళ్తూ, ఈసారి ఇరవై కిలోల బియ్యం ఎక్కువ నానబెట్టాలని, డబ్బాలు ఇంకో రెండు వేలు అచ్చు వేయించమని నాకు చెప్పి వెళ్లింది.